1600 మిల్లీమీటర్ల రేడియేటర్‌ను 900 మిల్లీమీటర్ల గోడకు సరిపెట్టడం ఎలా?

బ్రాడీపేట టీచరమ్మ:

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి, అల్లుడు గారు ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో వందేళ్లు దాటిన ఇటుకల ఇల్లు ఒకటి కొనుక్కున్నారు. అక్కడ వరుసగా గోడకు గోడ ఆనుకుని కట్టిన ఇళ్లుంటాయి కదా, వాటిలో ఇది నడిమి ఇల్లు. వెనుక గది 4 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల లోతు, 2.7 మీటర్ల ఎత్తు ఉంటుంది. ఆ గది కిటికీ కింద 1600 మిల్లీమీటర్ల పొడవు, 600 ఎత్తు ఉన్న రేడియేటర్ ఉంది. మన వైపు వారి కోసం చెబుతున్నాను, ఇది బాయిలర్‌లో కాగిన నీరు గొట్టాల ద్వారా వచ్చి తిరిగి వెళ్లే ఉక్కు పలక. దీనికి ఒకే పలక, దాని వెనుక ఒక వరుస రేకులు ఉన్నాయి.

ఇప్పుడు ఆ కిటికీ తీసివేసి, పెరట్లోకి వెళ్లడానికి గాజు తలుపు పెట్టించుకుంటున్నారు. అందువల్ల రేడియేటర్ అక్కడ ఉండడానికి వీలు లేదు. మిగిలిన చోటు ఒక్కటే: లోపలి ద్వారబంధానికీ, పాత పొగగొట్టం కోసం ముందుకు కట్టిన గోడకూ నడుమ 900 మిల్లీమీటర్లు. పోయిన చలికాలంలో ఆ గది సరిగా వెచ్చబడనే లేదు. చూడడానికి వచ్చిన పనివారు ఇంతకంటే పెద్దది పెట్టమన్నారు. చోటేమో చిన్నదవుతోంది. మా మనవరాలికి తొమ్మిదో నెల, పాప నేల మీద పాకేది ఆ గదిలోనే. నవంబరులో నేను అక్కడికి వెళుతున్నాను.

విజయవాడలో ఉండే మా మరిది, ఆటోనగర్‌లో లారీ రేడియేటర్‌ను కోసి కొలతకు తగ్గించి అతుకుతారనీ, దీన్నీ అలాగే చేయించవచ్చనీ అంటున్నాడు. అది సాధ్యమేనా? కాకపోతే ఏ లెక్క ప్రకారం కొత్తది ఎంచుకోవాలి?

ఆటోనగర్ మేస్త్రీ:

టీచరమ్మ గారికి నమస్కారం. నేను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా రేడియేటర్ల పని చేస్తున్నాను. మీ మరిది గారు చెప్పినది మా పనిలో నిజమే. పాతకాలపు లారీ రేడియేటర్‌లో పైన ఒక ఇత్తడి ట్యాంకు, కింద ఒక ట్యాంకు, వాటి నడుమ విడివిడి గొట్టాలు, రాగి రేకులు ఉంటాయి. అన్నీ టంకంతో అతికినవే. వేడి చేస్తే టంకం కరిగి ట్యాంకు ఊడి వస్తుంది. కోర్‌ను, అంటే నడుమనున్న గొట్టాలు, రేకుల భాగాన్ని, కావలసిన కొలతకు తగ్గించుకుని, ట్యాంకును కూడా కుదించి మళ్లీ అతుకుతాము.

మీరు చెబుతున్న ఉక్కు పలక నిర్మాణం వేరు. రెండు పలుచని రేకులను అచ్చులో నొక్కి, వాటి నడుమ నీటి దారులు ఏర్పడేటట్లు చుట్టూ వెల్డింగ్ చేసి ఉంచుతారు. రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. దాన్ని అడ్డంగా కోస్తే పైనుంచి పోయే దారి, కింద నుంచి పోయే దారి రెండూ తెరుచుకుంటాయి. లోపల తుప్పు పట్టి పలుచబడిన రేకు మీద వెల్డింగ్ నిలవదు. నిలిచినట్లు కనబడినా, ఒత్తిడితో వేడినీరు తిరిగే వస్తువును, అందులోనూ పసిబిడ్డ ఉన్న గదిలో, అలా అతికి పెట్టమని నేను ఎన్నటికీ చెప్పను. దయచేసి కోయించవద్దు.

అయితే మరొక రకం ఉంది, దాన్ని తగ్గించవచ్చు. పాత భవనాలలో కనిపించే పోతఇనుప రేడియేటర్లు నిలువు ముక్కలు పక్కపక్కన పేర్చినట్లుంటాయి. రెండు ముక్కలనూ కలిపే నిపుల్ అనే పొట్టి మరల గొట్టానికి ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర ఉంటుంది. పొడవాటి తాళంచెవి వంటి కడ్డీని లోపలికి దూర్చి తిప్పితే రెండు ముక్కలూ ఒకేసారి విడిపోతాయి, వెనక్కి తిప్పితే ఒకేసారి దగ్గరికి వస్తాయి. అటువంటిదైతే నాలుగు ముక్కలు తీసివేసి, కొత్త వాషర్లు వేసి, నీటి ఒత్తిడితో పరీక్షించి బిగించుకోవచ్చు. మీది ఆ రకం కాదు.

లీడ్స్‌లో తెనాలి వాసి:

మేస్త్రీ గారు చెప్పినది అక్షరాలా నిజం. నేను లీడ్స్‌లోనే పదకొండేళ్లుగా ఉంటున్నాను, ఇటువంటి ఇంట్లోనే. ఇక్కడి దుకాణాలలో పలక రేడియేటర్లను అంకెలతో పిలుస్తారు. మొదటి అంకె పలకల సంఖ్య, రెండోది రేకుల వరుసల సంఖ్య. 11 అంటే ఒక పలక, ఒక వరుస. 21 అంటే రెండు పలకలు, ఒక వరుస. 22 అంటే రెండు పలకలు, రెండు వరుసలు. 33 కూడా దొరుకుతుంది. మీ అమ్మాయి ఇంట్లో ఉన్నది 11 రకం.

పొడవు తగ్గించుకోవాలంటే మందం పెంచుకోవాలి. 600 ఎత్తున్న 11 రకం మీటరు పొడవుకు సుమారు 1000 వాట్ల వేడినిస్తే, అదే ఎత్తున్న 22 రకం సుమారు 1700 వాట్లు ఇస్తుంది. అంటే మీ 1600 పొడవు పలక ఇచ్చే వేడిని 22 రకమైతే 900 పొడవులోనే దాదాపుగా ఇవ్వగలదు. గోడ నుంచి ముందుకు మాత్రం సుమారు 100 మిల్లీమీటర్లు వస్తుంది.

కానీ 900 చోటులో 900 రేడియేటర్ పట్టదు. రెండు కొసలా వాల్వులు ఉంటాయి, వాటిని తిప్పడానికి చెయ్యి పట్టాలి. పక్కకు 100 చొప్పున వదిలితే రేడియేటర్‌కు మిగిలేది 700. నిలువు రేడియేటర్లు కూడా ఉన్నాయి, 1800 ఎత్తు, 500 వెడల్పు. మా వంటగదిలో అదే పెట్టించాను. చోటు ఇరుకైనప్పుడు అది మంచి మార్గమని నా అభిప్రాయం.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఇంజనీరు:

నేను ఇబ్రహీంపట్నంలోని థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ విభాగంలో పనిచేసి విరమించాను. ఇళ్ల రేడియేటర్లు నా వృత్తి కాదు, కానీ వేడినీటి శాస్త్రం ఎక్కడైనా ఒక్కటే.

చర్చ ఇంతవరకు పాత రేడియేటర్‌కు సమానమైనది ఏదన్న దారిలో నడిచింది. పాతది ఆ గదికి సరైన కొలతేనని ఎవరు చెప్పారు? ముందు గది ఎంత వేడిని పోగొట్టుకుంటున్నదో లెక్క వేయాలి. టీచరమ్మ గారు లెక్కల ఉపాధ్యాయిని కనుక పద్ధతి చెబుతాను, వారే వేసుకోగలరు.

గోడ, గాజు, నేల ఒక్కొక్కదానికి ఒక యు-విలువ ఉంటుంది. ఒక చదరపు మీటరు గుండా, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఎన్ని వాట్లు బయటికి పోతాయో అది చెబుతుంది. తొమ్మిది అంగుళాల పాత ఇటుక గోడకు సుమారు 2, రెండు పొరల కొత్త గాజు తలుపుకు 1.6, కింద గాలి ఆడే చెక్క నేలకు 0.7 వేసుకోండి. లోపల 21 డిగ్రీలు, బయట మైనస్ 3 అనుకుంటే తేడా 24. పక్క గోడల అవతల పొరుగువారి వెచ్చని గదులు, పైన పడకగది ఉన్నాయి కనుక వాటిని వదిలేయవచ్చు. గాలి మార్పిడికి 0.33ను గది ఘనపరిమాణంతోనూ, గంటకు గాలి ఎన్నిసార్లు మారుతుందో ఆ సంఖ్యతోనూ, 24తోనూ గుణించాలి. పాత ఇల్లు కనుక ఒకటిన్నర సార్లు అనుకోండి.

ఇక దుకాణం పట్టికలోని వాట్ల సంగతి. యూరప్‌లో ఈఎన్ 442 అనే ప్రమాణం ప్రకారం, నీరు 75 డిగ్రీల వద్ద వచ్చి 65 వద్ద తిరిగి వెళుతూ, గది 20 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చే వేడిని అచ్చువేస్తారు. నీటి సగటు 70, గదితో తేడా 50. బాయిలర్‌ను అంత వేడిగా నడపకపోతే ఆ అంకె వర్తించదు. తేడా 40 అయితే దానిలో సుమారు 75 శాతం, 30 అయితే సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే వస్తుంది. తేడా తగ్గిన దానికంటే వేడి వేగంగా తగ్గుతుందన్నమాట. చాలామంది పొరబడేది ఇక్కడే.

నిలువు రేడియేటర్ విషయంలో తెనాలి వాసి గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. వేడిగాలి పైకి పోతుంది. పాకే పిల్ల ఉన్న గదిలో వేడి పుట్టే చోటు నేలకు దగ్గరగా ఉండడమే మేలు.

బ్రాడీపేట టీచరమ్మ:

ఇంజనీరు గారూ, చాలా రోజుల తరువాత కాగితం, పెన్సిలు పట్టుకున్నాను. మీరు సరిచూడాలి.

బయటి గోడ ఒక్కటే, 4 × 2.7 = 10.8 చదరపు మీటర్లు. గాజు తలుపు 1.8 × 2.1 = సుమారు 3.8. మిగిలిన ఇటుక గోడ 7. గోడ నుంచి 7 × 2 × 24 = 336 వాట్లు. తలుపు నుంచి 3.8 × 1.6 × 24 = 146. నేల నుంచి 14 × 0.7 × 24 = 235. గది ఘనపరిమాణం 37.8 ఘనపు మీటర్లు కనుక గాలికి 0.33 × 1.5 × 37.8 × 24 = 449. మొత్తం 1166 వాట్లు.

నాకు ఆశ్చర్యం కలిగించినది రెండు విషయాలు. అన్నిటికంటే పెద్ద నష్టం గోడది కాదు, గాలిది. రెండోది, పాత రేడియేటర్ 1600 వాట్ల వరకు ఇవ్వాలి. అంటే అవసరం కంటే ఎక్కువే. మరి గది ఎందుకు వెచ్చబడలేదు? పాత కిటికీ ఒంటిపొర గాజే. కానీ దానికి యు-విలువ 5 వేసుకున్నా, రెండు చదరపు మీటర్ల కిటికీకి 240 వాట్లే వస్తున్నాయి. ఆ లెక్కన కూడా సరిపోవాలి. అమ్మాయిని అడిగితే ఒక మాట చెప్పింది. రేడియేటర్ పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుందట, కింద నడుమ మాత్రం చల్లగా ఉంటుందట.

ఆటోనగర్ మేస్త్రీ:

అమ్మా, జవాబు మీరే చెప్పారు. పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్లు, కింద నడుమ చల్లగా ఉంటే మడ్డి పేరుకున్నట్లు. లారీలోనూ అంతే, అడుగున మడ్డి చేరిన చోట గొట్టం పట్టి చూస్తే చల్లగా తగులుతుంది. ఉక్కు లోపల తుప్పు నల్లని పొడిగా మారి అడుగుకు దిగుతుంది. అది అయస్కాంతానికి అంటుకుంటుంది, చూడండి. నీరు దించినప్పుడు సిరా వలె నల్లగా వస్తుంది.

కొత్త రేడియేటర్ పెట్టేముందు గొట్టాలన్నీ కడిగించండి. లేకపోతే పాత మడ్డి కొత్తదానిలోకి చేరుతుంది. కడిగిన తరువాత తుప్పు నివారక ద్రవం తప్పక పోయించాలి. మేము లారీలలో కూలెంట్ పోసే కారణాలలో ఇదీ ఒకటి. ఉత్త నీరు పోస్తే తుప్పు మళ్లీ మొదలవుతుంది. పాత పలకను పారవేయవద్దు. పెరట్లో బోర్లించి, రబ్బరు సుత్తితో మెల్లగా తడుతూ గొట్టంతో నీరు పోయిస్తే చాలావరకు శుభ్రపడుతుంది. మరో గదికి పనికివస్తుంది.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఇంజనీరు:

లెక్క సరిగా ఉంది. 1166 వాట్లంటే మన ఇళ్లలోని ఒక టన్ను ఏసీ సామర్థ్యంలో, అంటే 3517 వాట్లలో, మూడో వంతు. పెద్దది పెట్టమన్న సలహాకు ఆధారం లేదని తేలింది. లోపం కొలతలో లేదు, లోపలి మడ్డిలో ఉంది.

పటమట గృహాలంకరణ నిపుణురాలు:

టీచరమ్మ గారూ, ఒక్క విషయం. మనకు అల్మరాలో ఇమడ్చడం, చెక్కతో మూసివేయడం అలవాటు. రేడియేటర్‌ను చెక్క పెట్టెలో బిగించవద్దు. దాని ముందు సోఫా జరపవద్దు, పైనుంచి నేల దాకా పరదా వేయవద్దు. కింద చల్లగాలి లోపలికి వెళ్లడానికీ, పైన వేడిగాలి బయటికి రావడానికీ దారి ఉన్నప్పుడే రేకులు పనిచేస్తాయి. కింద 100 నుంచి 150 మిల్లీమీటర్లు వదలమని చెప్పండి.

పాప గురించి నా ఆందోళన వేరు. 75 డిగ్రీల నీరు తిరిగే పలకను పట్టుకుని పిల్లలు లేచి నిలబడతారు. ఆ దేశంలో ఆసుపత్రుల రేడియేటర్ల ఉపరితలం 43 డిగ్రీలు మించకూడదన్న మార్గదర్శకం ఉంది. ఇంటికి ఆ నియమం లేకపోయినా కారణం ఒక్కటే. గాలి ఆడే జాలీ అడ్డు ఒకటి గోడకు బిగించండి, లేదా నీటి వేడి తగ్గించండి.

కిటికీ కిందనే ఎందుకు పెట్టారన్న సందేహం ఎవరికైనా ఉంటే, ఒంటిపొర గాజు మీద చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారి కాళ్లకు తగిలేది. దాన్ని అక్కడే అడ్డుకోవడానికి అలా పెట్టేవారు. రెండు పొరల గాజుతో ఆ బాధ చాలా తగ్గుతుంది కనుక లోపలి గోడకు మార్చినా ఫరవాలేదు.

లీడ్స్‌లో తెనాలి వాసి:

నిలువు రేడియేటర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాప విషయం నేను ఆలోచించలేదు.

చేతిపని గురించి కొంత చెబుతాను. కొత్త చోటికి గొట్టాలు నేల పలకల కింద నుంచి రావాలి. అక్కడ చెక్క దూలాలు అడ్డం వస్తాయి. గొట్టం కోసం దూలం పైన గాడి తీస్తే దూలం లోతులో ఎనిమిదో వంతుకు మించకూడదు, దూలం నట్టనడుమ అసలే తీయకూడదు. గాడిలో గొట్టం కింద మెత్తని ఉన్ని పట్టీ వేయకపోతే వేడెక్కి సాగిన ప్రతిసారీ కిరకిరమంటుంది. మా ఇంట్లో రెండేళ్లు ఆ చప్పుడు భరించాము. 22 రకం 700 × 700 నీటితో కలిపి సుమారు 30 కిలోలు తూగుతుంది. కనుక పాత గచ్చు ఊడిపోతున్న గోడైతే ఇటుక దాకా రంధ్రం వేసి బిగించాలి. నీటి పని ఇంటివారు చేసుకోవచ్చు, కానీ గ్యాస్ బాయిలర్ లోపలి పనిని గ్యాస్ సేఫ్ అనే ఇక్కడి అధికారిక పట్టికలో నమోదు ఉన్నవారే చేయాలి. అది ఇక్కడి చట్టం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. నేల చెక్క పలకలు ఎలాగూ ఎత్తుతారు కనుక, దూలాల నడుమ ఉన్ని దిండ్లు నింపి, వాటిని వలతో పట్టి ఉంచమని అల్లుడు గారికి చెప్పండి. పలకల సందులు కూడా పూడ్చమనండి. నేల కింద గాలి ఆడడానికి బయటి గోడలో రంధ్రాల ఇటుకలు ఉంటాయి, వాటిని మాత్రం మూయవద్దు. మూస్తే దూలాలు చెమ్మకు కుళ్లుతాయి.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఇంజనీరు:

తెనాలి వాసి గారి చివరి సలహాకు నేను చాలా విలువ ఇస్తాను. నేల యు-విలువ 0.7 నుంచి 0.25కు, గాలి మార్పిడి గంటకు ఒకసారికి తగ్గితే నేలకు 84, గాలికి 299 వాట్లు చాలు. అప్పుడు మొత్తం 865.

ఇప్పుడు 700 వెడల్పు, 700 ఎత్తున్న 22 రకం చూడండి. పట్టికలో సుమారు 1360 వాట్లు ఉంటుంది. నీరు 65 వద్ద వచ్చి 55 వద్ద తిరిగి వెళితే తేడా 40, వచ్చే వేడి సుమారు 1020. గదికి 865 చాలు. పలక వేడి పది డిగ్రీలు తగ్గింది, పాపకూ మేలు. తిరిగి వచ్చే నీరు దాదాపు 55 కంటే చల్లగా ఉన్నప్పుడే కండెన్సింగ్ బాయిలర్ పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా రాబట్టుకుంటుంది. కనుక గ్యాస్ కూడా కొంత మిగులుతుంది. నేల పని చేయకపోతే మాత్రం ఇదే రేడియేటర్ 65 డిగ్రీల నీటితో 1166 వాట్లు ఇవ్వలేదు, మళ్లీ 75కు పెంచవలసి వస్తుంది. మున్ముందు బాయిలర్ బదులు హీట్ పంపు, అంటే బయటి గాలిలోని వేడిని లాగి తక్కువ వేడి నీటితోనే ఇంటిని వెచ్చబరిచే యంత్రం, పెట్టుకునే ఆలోచన ఉంటే అదే కొలతలో 33 రకం తీసుకోవాలి. అది గోడ నుంచి సుమారు 160 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది, ద్వారబంధం పక్కన అడ్డమవుతుందేమో కొలుచుకోండి.

బిగించిన తరువాత ఒక కొసన గది వెచ్చదనాన్ని బట్టి నీటిని తనంతట తానే తగ్గించే థర్మోస్టాట్ వాల్వు, రెండో కొసన లాక్‌షీల్డ్ వాల్వు ఉంటాయి. ఇంట్లోని రేడియేటర్లన్నిటికీ నీరు సమంగా పంచేది ఈ రెండోదే. బాయిలర్‌కు దగ్గరి రేడియేటర్లకు దాన్ని బిగించి, దూరపు వాటికి వదులు చేయాలి. పైన నీటితొట్టి లేకుండా ఒత్తిడితో మూసి ఉంచిన వ్యవస్థ అయితే చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి 1 నుంచి 1.5 బార్ ఉండాలి. గాలి తీసిన ప్రతిసారీ అది తగ్గుతుంది, మళ్లీ నింపాలి.

బ్రాడీపేట టీచరమ్మ:

అందరికీ లీడ్స్ నుంచి నమస్కారాలు. పని పూర్తయి పదిరోజులైంది.

700 × 700 కొలతలో 22 రకమే తీసుకున్నాము. అల్లుడు గారు నేల పలకలెత్తి, దూలాల నడుమ ఉన్ని నింపడానికి రెండు శనివారాలు, ఒక ఆదివారం పట్టింది. వ్యవస్థ నీరు దించినప్పుడు మేస్త్రీ గారు చెప్పినట్లే నల్లగా వచ్చింది. పిల్లల ఆట అయస్కాంతం ఒకటి బకెట్‌లో ముంచితే గడ్డం మొలిచినట్లు పొడి అంటుకుంది. మూడుసార్లు కడిగి, తుప్పు నివారక ద్రవం పోశారు. మొదటి రోజు పైఅంతస్తు పడకగది వెచ్చబడి ఇది చల్లగా ఉండిపోయింది. పడకగది లాక్‌షీల్డ్‌ను ముప్పావు చుట్టు బిగించాక ఇక్కడికి నీరు వచ్చింది.

నిన్న సాయంత్రం బయట 2 డిగ్రీలు, బాయిలర్ 65 మీద ఉంది, గదిలో నేలకు అడుగు ఎత్తున పెట్టిన ఉష్ణమాపకం 20.5 చూపించింది. గాజు తలుపు అంచున ఇంకా సన్నగా గాలి వస్తోంది, రేపు రబ్బరు పట్టీ వేస్తారు. పాత 1600 పలకను మేస్త్రీ గారి పద్ధతిలో కడిగి మేడ మీద నడవాకు బిగించారు. పటమట అమ్మాయి గారు చెప్పిన జాలీ అడ్డు తెచ్చాము కానీ, దాని మేకులు వదులుగా ఉన్న గచ్చులో నిలవలేదు. ఇటుక దాకా దిగే పొడవు మేకులు ఎల్లుండి వస్తాయి, అంతవరకు పాపను ఆ మూలకు వెళ్లకుండా నేనే కూర్చుని చూసుకుంటున్నాను.